సారు అడిగితే డాక్టరు వచ్చాడు

ఆసుపత్రిలో డైటీషియన్ అంటే తెల్ల కోటు వేసుకుని, ఎవరికి ఉప్పు తగ్గించాలో చీటీ మీద రాసి పంపడమే అనుకుని చేరేవాళ్ళు ఎక్కువ. నేనూ అలాగే చేరాను. విరుదునగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి వంటింట్లో అడుగుపెట్టి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడి నుంచే రిటైరయ్యాను. కోవిల్‌పట్టిలో పొద్దున ఎక్కే బస్సు, సాయంత్రం దింపే బస్సు, ఆ రెండింటి మధ్య నా జీవితం గడిచిపోయింది. ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఫోన్ చేసి ఏ కోర్సు చేస్తే మంచిదని అడుగుతుంటారు. ఆ సంగతి మీ కాలేజీవాళ్ళు చెబుతారమ్మా, నన్నొదిలేయండి. నేను చెప్పగలిగింది ఒక్క టమాటా సూపు గురించి. నవ్వుకుంటే నవ్వుకోండి.

రోగి కంచం ఖాళీ చేస్తున్నంత కాలం మనం ఉన్నామని కూడా ఎవరికీ గుర్తుండదు. "నాకొద్దు" అని గోడ వైపు తిరిగినప్పుడే మన ఉద్యోగం మొదలవుతుంది. అలా తిరిగినవాళ్ళకి మా వంటింటి నుంచి మొదట వెళ్ళేది టమాటా సూపే. ఎంతమందికి పంపించానో నాకే తెలియదు. కానీ నాకు ఒక కోరిక ఉండేది. అది కూడా ముందే చెప్పేస్తాను. ఎవరైనా ఇంట్లో కాచి, నా చేతికి ఒక గ్లాసు ఇచ్చి, మా అమ్మ అన్నట్టు "తాగు పాపా" అనాలని. అంతే. అంత చిన్న కోరికే, ఉద్యోగం ఉన్నంత కాలం నాతో బస్సెక్కి దిగింది.

అమ్మ సారు

మాది కోవిల్‌పట్టికి తూర్పున నల్లరేగడి నేలలో ఒక చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. టమాటాని మేం తక్కాళి అనేవాళ్ళం. చారుని సారు అనేవాళ్ళం. జ్వరం వస్తే, వాన పడితే, నాన్న చేలోంచి తడిసి వస్తే, అమ్మ తక్కాళి సారు కాచేది. అన్నంలో కలుపుకోవడానికి కాదు, గ్లాసులో పోసుకుని తాగడానికి. ఊదుకుంటూ తాగాలి. తొక్కలు పెదవులకి అంటుకునేవి. ఇప్పుడు హోటళ్ళలో సూపు అంటున్నది అదే, కాకపోతే మా అమ్మకి ఆ మాట తెలియదు.

నేను బడిలో ఉండగానే అమ్మ పోయింది. అది ఎలా కాచేదో చూసి నేర్చుకునే వయసు కాదు నాది. రుచి మాత్రం నాలుక మీద మిగిలింది. పులుపు ఉండేది, కానీ టమాటా పులుపు ఒక్కటే కాదు, దాని వెనకాల ఇంకేదో మెత్తటి పులుపు. ఆ 'ఇంకేదో' కోసం చింతపండు వేసి చూశాను, నిమ్మకాయ పిండి చూశాను, మజ్జిగ కూడా కలిపి చూశాను. మజ్జిగ కలిపిన రోజు మా అన్న ఒక గుక్క తాగి, "పాపా, నువ్వు రోగులకి ఇదే ఇస్తా ఉండావా?" అని గ్లాసు కింద పెట్టేశాడు.

మా తెలుగుకి అక్షరాలు కూడా ఉంటాయని నాకు తిరుపతిలో హోమ్ సైన్స్ చదవడానికి పోయాకే తెలిసింది. రాయడం, చదవడం అక్కడే నేర్చుకున్నాను. మొదటి రోజు హాస్టల్ మెస్సులో కంచం చాపి "సారు పొయ్యండి" అన్నాను. పక్క బెంచీ అమ్మాయిలు గబుక్కున లేచి నిలబడి, తలుపు వైపు చూసి, "నమస్కారం సారు" అన్నారు. నాకు అర్థం కాలేదు. మెస్సంతా పగలబడి నవ్వింది. మర్నాటి నుంచి నేను 'చారు' అనడం నేర్చుకున్నాను. ఇంటికొస్తే మళ్ళీ సారే.

మాస్టర్ ఎరుపు

నేను చేరేనాటికి మా వంటింటికి పెద్ద పేచ్చిముత్తు మాస్టర్. పెళ్ళి వంటల నుంచి వచ్చిన మనిషి. ఆయన లెక్కలో సూపు ఎర్రగా, చిక్కగా ఉండాలి. స్పెషల్ రూముల వాళ్ళకైతే మరీ చిక్కగా. కార్న్‌ఫ్లోర్ డబ్బా ఆయన చేతికి అందేంత దూరంలోనే ఉండేది. జిగురులా ఉంటుంది మాస్టర్ అంటే, "డబ్బు కట్టేవాడికి నీళ్ళు పోస్తే ఒప్పుకుంటాడా అమ్మా?" అనేవాడు.

ఒక రోజు పొద్దున్నే సర్జికల్ వార్డులో గగ్గోలు. ఆపరేషన్ అయిన ఒక పేషెంటుకి మూత్రం ఎర్రగా వచ్చింది. లోపల రక్తం పోతోందని డాక్టర్లు పరుగులు, పరీక్షలు, వాళ్ళావిడ ఏడుపు. నేను ఏదో అనుమానం వచ్చి వంటింటి వెనక చెత్తబుట్ట చూశాను. దాన్నిండా బీట్‌రూట్ చెక్కులు. టమాటాలు పాలిపోయి ఉన్నాయని మాస్టర్ ముందు రోజు రాత్రి సూపులో బీట్‌రూట్ ఉడికించి కలిపాడు. అది తిన్న కొందరికి మూత్రం ఎర్రబడుతుంది, అంతకు మించి ఏమీ లేదు. నేను వెళ్ళి ఆ మాట చెబితే మా పెద్ద డాక్టరు నవ్వాలో తిట్టాలో తెలియక కుర్చీలో కూలబడిపోయారు.

మాస్టర్ వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయనే వచ్చి, "రంగు లేకపోతే చెంచా ఎత్తరమ్మా, నేను అబద్ధం చెప్పట్లేదు" అన్నాడు. అది నిజమే. రోగి ముందు కంటితోనే తింటాడు. కానీ కంచంలోకి ఏం పోయిందో వంటింటికీ వార్డుకీ రెండింటికీ తెలియాలి. మీరు చేరిన మొదటి రోజే వంటింటి చెత్తబుట్ట చూడండి. అందులో ఉన్నంత నిజం ఏ మెనూ కార్డులోనూ ఉండదు.

వెనక్కి పంపిన ఫ్లాస్కు

ఈ ఉద్యోగంలో నాకు నచ్చని పని ఇంటి తిండిని గుమ్మం దగ్గర ఆపడం. కిడ్నీ వార్డులో ఒకాయన ఉండేవాడు, పవర్‌లూమ్ మనిషి. రెండు రోజులుగా ఆసుపత్రి కూడు ముట్టలేదు. వాళ్ళావిడ అరుప్పుకోట్టై నుంచి ఒక ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. మూత తీస్తే టమాటా సూపు. మిరియాలు దంచి వేసినట్టుంది, ఆ వాసనకి వార్డంతా లేచి కూర్చుంది. ఆయన మొహం వెలిగిపోయింది.

ఆయన రక్తంలో పొటాషియం ఎక్కువగా ఉంది. టమాటా పడదు. నేను ఫ్లాస్కు మూత పెట్టి ఆమె చేతికి ఇచ్చేశాను. ఆమె అంత దూరం మోసుకొచ్చిన వేడిని మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చుంది.

వద్దనడం మన పనిలో సగమే. ఆ రోజు నేను వంటింట్లోకి పోయి, సొరకాయ ఉడికించి, అదే మిరియం అదే జీలకర్ర వేసి, ఆమె చేతనే ఆయనకి ఇప్పించాను. ఆయన తాగాడు. వంటకి కాదు, ఇచ్చిన చేతికి తాగాడని నాకు అప్పుడే తెలిసింది. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని మా అమ్మని తలుచుకున్నాను. నాకెవరు తెస్తారు అలా ఒళ్ళో పెట్టుకుని, అనుకున్నాను. పెళ్ళి చేసుకోలేదు నేను. అన్న ఉన్నంత కాలం ఇంట్లో తెలుగు వినబడేది. అన్న పోయాక నన్ను 'పాపా' అని పిలిచే నోరు లేదు.

రంగమ్మవ్వ

నా ఉద్యోగంలో అదే చివరి ఏడాది. ఎముకల వార్డుకి నాగలాపురం వైపు నుంచి ఒక ముసలావిడ వచ్చింది, పేరు రంగమ్మ. చేలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. తోడుగా మనవరాలు దివ్య ఉండేది. కొడుకుది తూత్తుకుడి హార్బరులో పని, కోడలు తమిళావిడ. అందుకని దివ్యకి తమిళం, ఇంగ్లీషే వచ్చు, అవ్వ ఇంటి భాష రాదు.

వయసు మళ్ళినవాళ్ళకి ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు మతి కుదురుగా ఉండదు. రంగమ్మవ్వకి ఆ గందరగోళంలో తమిళం మొత్తం పోయింది. తిండి మానేసింది. ఇడ్లీ వద్దు, గంజి వద్దు, మా సూపూ వద్దు. చేతికి పెట్టిన డ్రిప్పు సూది పీకేసింది. మర్నాడు సాయంత్రానికి ఏమీ తీసుకోకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తామన్నారు పెద్ద డాక్టరు. గొట్టం కూడా పీకేస్తుంది కాబట్టి చేతులు కట్టాల్సి వస్తుంది. దివ్య ఆ మాట విన్నప్పటి నుంచి ఏడుస్తోంది.

నేను వార్డులోకి పోయేసరికి స్టెల్లా సిస్టర్ విసుగ్గా ఎదురొచ్చింది. "మేడమ్, ఆ అవ్వ పొద్దుటి నుంచీ సార్ సార్ అని ఒకటే పిలుపు. డ్యూటీ డాక్టర్ని రెండుసార్లు పిలుచుకొచ్చాను. ఆయన్ని చూడగానే కళ్ళు మూసుకుంటుంది. ఆయన నా మీద అరిచి పోయాడు."

దివ్యకి ఇంకో ఆలోచన వచ్చింది. తమిళంలో సారు అంటే పండ్ల రసం కూడా. కిందికి పరుగెత్తి బత్తాయి రసం తెచ్చింది. అవ్వ ఒక గుక్క తీసుకుని దుప్పటి మీద ఊసేసింది. ఆ తర్వాత అవ్వ నోట సారు అన్న మాట వచ్చినప్పుడల్లా దివ్య, పాపం, డాక్టరు వస్తున్నాడేమోనని తలుపు వైపు చూడడం మొదలుపెట్టింది.

నేను మంచం దగ్గరికి వెళ్ళాను. అవ్వ కళ్ళు మూసుకునే గొణుగుతోంది. "సారు... ఉడుకు సారు..."

తిరుపతి హాస్టల్లో బెంచీ మీద నుంచి లేచి నిలబడిన అమ్మాయిలు గుర్తొచ్చారు. నాకు నవ్వొచ్చింది. వంగి అడిగాను.

"అవ్వా, తక్కాళి సారా?"

అవ్వ కళ్ళు తెరిచింది. నా మొహం, నా కోటు, మళ్ళీ నా మొహం చూసింది. నా మణికట్టు పట్టుకుంది.

"మనోళ్ళ పిల్లవా? ఇంత సేపు యాడికి పోయినావు పాపా? నేను సారు అడిగితే ఈ అరవోళ్ళు మగోళ్ళని తెచ్చి సూపిస్తా ఉండారు!"

స్టెల్లాకి తమిళంలో చెబితే ఆమె నవ్వు ఆపుకోలేక నర్సుల గదిలోకి పారిపోయింది. నేను మాత్రం అక్కడే నిలబడ్డాను. పాపా అంది. అన్న పోయాక మొదటిసారి.

పెద్ద డాక్టరుని అడిగి, మింగడంలో ఇబ్బంది లేదని తెలుసుకున్నాక, వంటింట్లోకి పోయి నేనే కాచాను. కార్న్‌ఫ్లోర్ లేదు, వడకట్టడం లేదు. (ఆ అడగడం మాత్రం మానకండి. మింగలేనివాళ్ళకి తొక్క ప్రాణం మీదికి తెస్తుంది.) అవ్వ ఒక చెంచా తీసుకుంది. నాలుక మీద ఉంచుకుని ఆలోచించింది.

"బాగుండాది. సారు గాదు."

"ఏమి తక్కువ అవ్వా?"

"కంబు కూటి తేట పొయ్యలేదా?"

చెంచా నా చేతిలోనే ఉండిపోయింది. కంబు అంటే సజ్జలు. మా వైపు మెట్ట ఊళ్ళలో కంబు కూడు వండి, ముద్దలు చేసి, రాత్రి నీళ్ళలో వేసి ఉంచేవాళ్ళు. పొద్దునకి పైన తేరే నీళ్ళే తేట. కొంచెం పులిసి ఉంటుంది. అమ్మ సారు పొయ్యి మీద పెట్టి, మూలనున్న కుండలో ముంత ముంచేది. ఆ ముంత చప్పుడు నాకు గుర్తుంది. అందులోంచి ఏం తీసేదో చిన్నపిల్లని, ఎప్పుడూ తొంగి చూడలేదు.

ఆ సాయంత్రం కోవిల్‌పట్టిలో బస్సు దిగి కంబు కొనుక్కుని ఇంటికి పోయాను. పాత పద్ధతిలోనే వండి నీళ్ళు పోసి ఉంచాను. పొద్దున ఆ తేట ఒక స్టీలు క్యానులో పోసి, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. సాత్తూరు దాటాక గుర్తొచ్చింది, బయటి తిండిని గుమ్మం దగ్గర ఆపేది నేనేనని. తిన్నగా పెద్ద డాక్టరు గదికి పోయి క్యాను ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన మూత తీసి వాసన చూసి మొహం చిట్లించి, "బాగా మరిగించండి. ఆ పెద్దావిడ చేతులు కట్టే పని తప్పితే నాకదే చాలు" అన్నారు. ఇలాంటి పైవాళ్ళు దొరికితే వదులుకోకండి.

టమాటాలు పగిలేదాకా ఉడికించి, చేత్తో పిసికి, వెల్లుల్లి తొక్కతోనే చితక్కొట్టి వేసి, మిరియం, జీలకర్ర, కల్లుప్పు, చివర్లో తేట. పొంగు వచ్చాక గంటెతో ఒక బొట్టు అరచేతిలో వేసుకుని నాకాను.

అదే. అమ్మదే. వంటింట్లో అందరూ చూస్తుండగా నిలబడి ఏడ్చాను. మాస్టర్ స్థానంలో వచ్చిన కొత్త మాస్టర్ కారం ఎక్కువైందనుకుని చక్కెర డబ్బా అందించాడు.

అవ్వ ఆ పూట అర గ్లాసు తాగింది, సాయంత్రం గ్లాసు నిండా. గొట్టం వేయలేదు, చేతులు కట్టలేదు. నాలుగు రోజులకి తమిళం కూడా తిరిగొచ్చింది, స్టెల్లాని పేరు పెట్టి పిలిచి దుప్పటి మార్చమంది.

ఇంటికి పోయే రోజు అవ్వ నన్ను పిలిపించింది. "నువ్వు తాగినావా పాపా?"

"చేస్తూ రుచి చూశాను అవ్వా."

"అది తాగినట్టా? ఎవరైనా పోస్తే గదా తాగినట్టు. నేను లేసి నిలబడినాక మా ఊరికి రా. నేనే కాసి పోస్తా."

తెలిసిపోయింది ఆమెకి. నేనేమీ చెప్పలేదు, అయినా తెలిసిపోయింది. ఆ తర్వాత ఇంట్లో నాకు నేనే చాలాసార్లు కాచుకున్నాను. రుచి అచ్చం అదే. అయినా గ్లాసు నేనే నింపుకుని నేనే ఎత్తుకుంటే, ఎప్పుడూ ఏదో తక్కువే.

పొయ్యికాడ అరవం రాదు

రిటైరయ్యాక దివ్యే ఫోన్ చేసింది. "ఆంటీ, అవ్వ రోజూ మిమ్మల్ని అడుగుతోంది. మీరు రాకపోతే తనే బస్సెక్కుతానంటోంది." కోవిల్‌పట్టిలో నాగలాపురం బస్సెక్కాను. దారి పొడుగునా నల్లరేగడి, కంబు కంకులు, తుమ్మచెట్లు. చిన్నపిల్లలా కిటికీకి అతుక్కుపోయాను. సిగ్గేసింది కూడా, ఈ వయసులో ఒక గ్లాసు సారు కోసం ఇంత ప్రయాణమా అని.

అవ్వ వాకరు పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. కానీ పొయ్యి ముందు నిలబడే ఓపిక లేదు, చేతుల్లో బలం లేదు. చూడగానే నాకు అర్థమైంది. పర్వాలేదు అవ్వా అన్నాను. పర్వాలేకపోవడం ఏమిటి, నా లోపల అంతా కూలిపోయింది.

అవ్వ మంచం మీద కూర్చుని దివ్యని కేకేసింది. ఆ పిల్ల ఆఫీసు పని ఇంటి నుంచే చేసుకుంటూ అవ్వ దగ్గర ఉంటోంది. లాప్‌టాప్ మూసి వచ్చింది.

"సారు కాయి," అంది అవ్వ.

దివ్యకి వంట అంతంత మాత్రం. అవ్వ మంచం మీద నుంచి తెలుగులో గద్దిస్తుంది. "పిసుకమ్మే! సేత్తో! గంటె ఏల?" దివ్య నా వైపు చూస్తుంది. నేను తమిళంలోకి మార్చి చెబుతాను. "సితక్కొట్టు, నూరొద్దు." మళ్ళీ నా వైపు చూపు. తమిళంలోనే చెప్పొచ్చుగా అవ్వా, నీకు బాగా వచ్చుగా అని నేను నవ్వితే, అవ్వ కోపంగా చూసింది.

"పొయ్యికాడ నాకు అరవం రాదు."

అది నిజం. నాకు కూడా రాదేమో. దివ్య తేట పోసింది. ముంత కుండకి తగిలి చప్పుడైంది. నేను కళ్ళు మూసుకున్నాను.

దివ్య గ్లాసు నింపి, వేడికి పైట కొంగులా చున్నీ చుట్టి, నాకు అందించబోయింది. అవ్వ ఆపింది.

"ఉత్తగా ఇస్తావా? సెప్పి ఇయ్యి. తాగు పాపా అను."

దివ్య నా వైపు తిరిగింది, తమిళంలో చెబుతానని. నేను చెప్పలేదు. గ్లాసు వైపే చూస్తున్నాను. ఆ పిల్ల కాసేపు చూసి, అవ్వ పెదవుల్ని గుర్తు తెచ్చుకుంటున్నట్టు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అంది. పాపా అంటే తమిళంలోనూ చంటిపిల్లే కాబట్టి, నా నెరిసిన తల చూసి నవ్వు ఆపుకుంటూ అంది.

"తాగు... పాపా."

తాగాను. ఊదుకుంటూ, తొక్కలు పెదవులకి అంటుకుంటూ, అడుగు కనబడేదాకా. ఉప్పు ఎక్కువైంది. నా ఉద్యోగంలో అయితే ఆ గిన్నె వార్డుకి పోనిచ్చేదాన్ని కాదు.

గ్లాసు చాపి, "ఇంకొంచెం సారు పొయ్యి" అన్నాను, తెలుగులోనే. దివ్య ఈసారి తలుపు వైపు చూడలేదు. గంటె తీసుకుంది.